85,000 మాటల నవల, 50,000 మాటల గుమ్మం

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక బ్యాంకు ఉద్యోగిని ఉంది. రెండేళ్లపాటు, రాత్రిళ్లు పిల్లాణ్ణి పడుకోబెట్టాక కూర్చుని, ఇంగ్లిషులో ఒక ప్రేమ నవల పూర్తి చేసింది. మొన్న ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. "ఆంటీ, మిల్స్ అండ్ బూన్‌కి పంపుదామనుకుంటున్నా. ఈ ఉత్తరం ఒకసారి చూసి పెడతారా?" అంది. ఉత్తరం బాగానే ఉంది. అడుగున మాత్రం ఒక అంకె ఉంది: 85,000 మాటలు.

"ఏ లైన్‌కి పంపుతున్నావమ్మా?" అన్నాను.

"లైన్ అంటే?" అంది.

రెండేళ్ల కష్టం ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయేలా ఉంది. ఇది ఆ అమ్మాయికి మాత్రమే ఉన్న ఇబ్బంది కాదు. ప్రేమ నవల రాసి పంపాలనుకునేవాళ్లలో చాలామందికి సంస్థ పేరు తెలుసు కానీ ఆ సంస్థ ఈ నెలలో ఏం అమ్ముతోందో తెలియదు. పెళ్లిచూపులకి వెళ్తూ అవతలి ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందో లేదో కనుక్కోనట్టు. కాబట్టి ఆరోజు ఆమెతో కూర్చుని వేసిన లెక్కలే ఇక్కడ చెబుతాను.

ముందు లైన్ సంగతి. ఒకే తరహా కథల్ని, ఒకే నిడివిలో, ఒకే రకం అట్టతో నెలనెలా విడుదల చేసే వరుసని లైన్ అంటారు. మిల్స్ అండ్ బూన్ 1908లో లండన్‌లో జెరాల్డ్ మిల్స్, చార్లెస్ బూన్ అనే ఇద్దరు పెట్టిన సంస్థ. మొదట్లో అన్ని రకాల పుస్తకాలూ వేసేది. జాక్ లండన్, వుడ్‌హౌస్ పుస్తకాలు కూడా వేసింది. ప్రేమ నవలలకే కట్టుబడింది తర్వాత. హార్లెక్విన్ 1949లో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టింది, 1971లో మిల్స్ అండ్ బూన్‌ని కొనేసింది. 2014లో ఆ హార్లెక్విన్‌ని హార్పర్‌కాలిన్స్ కొంది. అంటే మనం చిన్నప్పుడు అద్దె లైబ్రరీలో తెచ్చుకున్న గులాబీ బొమ్మ పుస్తకాల వెనక ఇప్పుడు ఉన్నది ఒక పెద్ద కుటుంబం. ఇంటి పేరు ఒకటే, పొయ్యిలు వేరు. ప్రెజెంట్స్ అనే లైన్‌లో కోటీశ్వరుల కథలు, మెడికల్ లైన్‌లో డాక్టర్లూ నర్సుల కథలు, లవ్ ఇన్‌స్పైర్డ్‌లో క్రైస్తవ విశ్వాసంతో ముడిపడిన కథలు. ఒక లైన్ ఎడిటర్‌కి నచ్చినది ఇంకో లైన్ ఎడిటర్‌కి అక్కరకు రాకపోవచ్చు.

ఈ కుటుంబం ఎంత పెద్దదంటే, అన్ని లైన్లూ కలిపి నెలకి వందకు పైగా పుస్తకాలు. పొద్దున్నే పాల ప్యాకెట్లతోపాటు రోజూ మూడు కొత్త ప్రేమ నవలలు గుమ్మంలో పడుతున్నట్టు లెక్క. ఇన్ని వేసేవాళ్లకి రాతప్రతులు ఎప్పుడూ కావాలి, నిజమే. అందుకే ఈ లైన్లకి ఏజెంటు లేకుండా నేరుగా పంపుకోవచ్చు; ఇంగ్లిషు ప్రచురణ లోకంలో ఇది అరుదైన వెసులుబాటు. కానీ వాళ్లకి కావలసింది 'ఒక మంచి నవల' కాదు. ఫలానా లైన్‌లో, ఫలానా నిడివిలో, వచ్చే ఏడాది ఫలానా నెలలో సరిపోయే నవల.

ఇప్పుడు నిడివి. ప్రెజెంట్స్‌కీ మెడికల్‌కీ అడిగేది 50,000 మాటలు. లవ్ ఇన్‌స్పైర్డ్‌కి 55,000. పేజీకి సుమారు 260 మాటలు పడతాయనుకుంటే 50,000 మాటలు 190 పేజీల చిన్న పుస్తకం, హ్యాండ్‌బ్యాగులో పట్టేది. మా మూడో అంతస్తు అమ్మాయి నవల 325 పేజీలు దాటుతుంది. తేడా 35,000 మాటలు, అంటే 135 పేజీలు. రోజుకి 500 మాటల చొప్పున రాసే మనిషికి అది డెబ్బై రాత్రుల పని. "కొంచెం ఎక్కువైతే ఏమవుతుంది ఆంటీ, బాగుంటే వాళ్లే తగ్గించుకుంటారుగా?" అని అడిగింది. తగ్గించుకోరు. అన్ని పుస్తకాలకీ ఒకే లావు, ఒకే ధర, డబ్బాలో ఒకే లెక్క. వెయ్యి రెండు వేలు అటూ ఇటూ అయితే సర్దుకుంటుంది. మూడింట రెండు వంతులు అదనంగా ఉంటే, చదవకముందే ఎడిటర్‌కి ఒక సంగతి అర్థమైపోతుంది: ఈ రచయిత మా పుస్తకం ఈమధ్య చేత్తో పట్టుకోలేదు.

తెలుగులో రాసి ఇంగ్లిషులోకి మార్చుకునేవాళ్లకి ఇక్కడ ఒక చిక్కుంది. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. 'వెళ్లిపోవాల్సొచ్చింది' అనేది కంప్యూటర్ లెక్కలో ఒక్క మాట. ఇంగ్లిషులో అదే 'హ్యాడ్ టు గో అవే', నాలుగు మాటలు. కాబట్టి తెలుగు ఫైలులో మాటల లెక్క చూసి ధైర్యం తెచ్చుకోకండి. ఇంగ్లిషు ప్రతి తయారయ్యాకే లెక్క చూడండి.

సరే, ఆ 85,000 ఎక్కడి నుంచి వచ్చింది? నాకు ఆసక్తి కలిగింది అక్కడే. "నువ్వు ఏ పుస్తకాలు చూసి నేర్చుకున్నావు?" అని అడిగితే, కిందికి వెళ్లి ఒక సంచీ తెచ్చింది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కట్టలుగా కొన్నవి. అట్టలు వంగిపోయి, అంచులు పసుపెక్కి, లోపల ఎవరిదో పాత బస్సు టికెట్టుతో సహా. ఒక్కొక్కటీ తీసి నాలుగో పేజీ చూశాం. పుస్తకం పేరున్న పేజీకి వెనకవైపు, కాపీరైటు ఏడాదిని సన్నక్షరాల్లో వేసే పేజీ అది. సగానికి పైగా సూపర్‌రొమాన్స్ అనే లైన్‌వి. ఆ లైన్‌లో నవల నిడివి 85,000 మాటలు! అమ్మాయి తెలియకుండానే కొలత సరిగ్గా పట్టుకుంది. కుటుంబం, పక్కకథలు, ఊరి వాతావరణం, ఆ లైన్ తీరు మొత్తం ఆమె నవలలో ఉంది. ఒకటే లోపం. 1980లో మొదలైన సూపర్‌రొమాన్స్‌ని 2018 జూన్‌తో ఆపేశారు.

అదొక్కటే కాదు. 2001లో వచ్చిన బ్లేజ్ 2017లో ఆగింది. నల్లజాతి పాత్రల ప్రేమకథలు వేసిన కిమానీ 2018తో ముగిసింది. అదే ఏడాది డేర్ అని కొత్త లైన్ పెట్టారు, అది నాలుగేళ్లు తిరక్కుండానే సర్దుకుంది. పాతపుస్తకాల బండి మీద మాత్రం ఇవన్నీ బతికే ఉంటాయి, పక్కపక్కనే, ఒకే ధరకి. చనిపోయిన నక్షత్రం వెలుగు ఇంకా మన కంటికి తగులుతూ ఉంటుందంటారే, అట్లాగ.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఈ పుస్తకాలు అంగడిలో నిలిచేది దాదాపు నెలరోజులే. వచ్చే నెల వరుస రాగానే మిగిలినవి తీసేస్తారు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పక్కగా పోయే ఎమ్6 టోల్ రోడ్డు 2003లో తెరిచినప్పుడు, ఆ రోడ్డు పై పొరలో సుమారు 25 లక్షల పాత మిల్స్ అండ్ బూన్ పుస్తకాల గుజ్జు కలిపారు, తారూ కంకరా విడిపోకుండా పట్టి ఉంచడానికి. ఎన్ని ప్రేమకథల మీదుగా లారీలు పోతున్నాయో! నవ్వుకోవడానికి బాగుంటుంది కానీ, రాసేవాళ్లకి ఇందులో పనికొచ్చే విషయం ఉంది: ఈ వ్యాపారంలో 'ప్రస్తుతం' అంటే చాలా చిన్న కాలం.

అందుకని పని మొదలుపెట్టవలసింది జ్ఞాపకంతో కాదు, ఈ నెల జాబితాతో. ఒక లైన్ ఎంచుకోండి. ప్రెజెంట్స్ అనుకుందాం. ఇది 1973లో మొదలైంది. ఇటీవలి ఏళ్లలో నెలకి ఎనిమిది పుస్తకాలు వేస్తోంది. గడిచిన ఆరు నెలలవి తీస్తే 48. భయపడకండి, 48 నవలలు చదవమనడం లేదు. వెనక అట్ట మీద ఉండే నాలుగు వాక్యాలు చదవమంటున్నాను. ఒక్కోటి 120 మాటలనుకుంటే మొత్తం 5,760 మాటలు. అది ఒక నవలలో ఒకటిన్నర అధ్యాయం.

చదివేటప్పుడు ఒక నోటుపుస్తకంలో గీతలు గీసుకోండి. పుస్తకం పేరు, వచ్చిన నెల. నాయకుడి వృత్తి, ఊరు. నాయిక వృత్తి. కథాసూత్రం. వాళ్లిద్దర్నీ విడిగా ఉంచుతున్న అడ్డు. చివరి గడిలో, రాసినవాళ్లు కొత్తవాళ్లా పాతవాళ్లా. వరుసకి ఐదు నిమిషాల చొప్పున 48 వరుసలకి నాలుగు గంటలు. రెండు ఆదివారాల మధ్యాహ్నపు నిద్ర పోతుంది, అంతే.

కథాసూత్రాన్ని వాళ్లు ట్రోప్ అంటారు. పాఠకురాలు పేరు వినగానే గుర్తుపట్టి, ఇష్టపడి కొనే పాత మలుపు అన్నమాట. ఒప్పందం పెళ్లి, దొంగ నిశ్చితార్థం, తండ్రికి తెలియకుండా పెరిగే బిడ్డ, శత్రువుల మధ్య ప్రేమ. మన టీవీ సీరియళ్లు చూసేవాళ్లకి ఇవేమీ కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రెజెంట్స్‌లో అయితే సూత్రాన్ని దాచను కూడా దాచరు, పుస్తకం పేరులోనే పెట్టేస్తారు. పేర్లు వరుసగా రాసుకుంటూ పోతే గ్రీక్, ఇటాలియన్, బ్రైడ్, ఎయిర్ (వారసుడు) లాంటి మాటలు ఎన్నిసార్లు వస్తున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ లెక్కే మార్కెట్ సర్వే. మీ నవలలో నాయకుడు కాకినాడలో స్కూలు మాస్టారైతే అది తప్పు కథ కాదు, తప్పు గుమ్మం.

"అయితే మన పేర్లు, మన ఊళ్లు పనికిరావా?" అని తప్పక అడుగుతారు. పనికొస్తాయి. మిల్స్ అండ్ బూన్ 2008లో భారతదేశంలో సొంతంగా అడుగుపెట్టాక ఇక్కడి కొత్త రచయితల కోసం పోటీ పెట్టింది. అందులో నెగ్గిన మిలన్ వోహ్రా నవల 'ద లవ్ ఆసన' 2010లో వచ్చింది. ఇక్కడ పుట్టి అమెరికాలో ఉంటున్న తారా పమ్మి ప్రెజెంట్స్‌కి వరుసగా రాస్తున్నారు. ఆమె పుస్తకాలు ఒక అరడజను తిరగేస్తే, లైన్ కొలతలు తప్పకుండా మన మనిషి ఎంతవరకు మన ఇంటి సంగతుల్ని లోపలికి తీసుకెళ్లగలదో తెలుస్తుంది. పెద్దలు కుదిర్చిన పెళ్లి మనకి మామూలు విషయం, వాళ్లకి అది ఒప్పందం పెళ్లి సూత్రం. కాకపోతే అమ్మాయి తనకు తానుగా ఎంచుకున్నట్టు కథలో కనపడాలి. 'నాన్న చెప్పాడు, చేసుకుంది' అంటే కుదరదు.

వెనక అట్టలు అయ్యాక, అసలు చదవడం. ఎన్ని చదవాలి? నా లెక్కలో ఆరు చాలు. అయితే ఏ ఆరు అన్నదే కీలకం. అందరూ చేసే పొరపాటు ఆ లైన్‌లో అందరికంటే పేరున్న రచయిత్రి పుస్తకాలు ఏరుకోవడం. ముప్పై ఏళ్లుగా రాస్తున్నావిడకి పాఠకులు ఆమె పేరు చూసి డబ్బిస్తారు. ఆవిడ నియమం తప్పినా చెల్లుతుంది. అత్తగారి వంటలో ఉప్పు ఎక్కువైనట్టు, ఎవరూ మాట్లాడరు. కొత్త కోడలికి ఆ వీలు లేదు. అందుకే నోటుపుస్తకంలో చివరి గడి పెట్టమన్నాను. గత ఏడాది రెండేళ్లలో మొదటి పుస్తకం వేయించుకున్నవాళ్లని వెతికి, ఆరింట్లో కనీసం నాలుగు వాళ్లవే చదవండి. బయటి నుంచి వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషిలో ఎడిటర్ ఏం చూసి తలుపు తీసిందో ఆ నాలుగు పుస్తకాల్లోనే ఉంటుంది. అట్ట మీదో, లోపల రచయిత పరిచయంలోనో అది తొలి నవల అని చాలాసార్లు వాళ్లే చెప్పుకుంటారు.

డబ్బు సంగతి. అన్నీ కొనక్కర్లేదు. కిండిల్‌లో చాలా పుస్తకాలకి మొదటి పదో వంతు దాకా ఉచితంగా చదవనిస్తారు. 50,000లో పదో వంతు 5,000 మాటలు, అంటే మొదటి అధ్యాయం మొత్తం, రెండోదాంట్లో కాస్త. ఇరవై పుస్తకాల నమూనాలు దింపుకుంటే లక్ష మాటలు, రెండు పూర్తి నవలలంత చదువు, పైసా ఖర్చు లేకుండా. ఎడిటర్ కూడా ముందు చూసేది మీ మొదటి అధ్యాయమే కాబట్టి ఇది రెండు విధాలా కలిసొస్తుంది. నాయకుడూ నాయికా ఎన్నో పేజీలో ఎదురుపడ్డారో ప్రతి నమూనాలోనూ గుర్తుపెట్టండి. మా అమ్మాయి నవలలో వాళ్లు కలిసింది నలభై ఒకటో పేజీలో. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లయితే ఊరి లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్‌లో పూర్తి పుస్తకాలే అరువు తెచ్చుకోవచ్చు.

లెక్క చెడగొట్టే ఉచ్చులు రెండు ఉన్నాయి. ఒకటి, అమెరికాలో ప్రెజెంట్స్ అనేది బ్రిటన్‌లో మోడరన్. రెండు చోట్ల జాబితాలూ కలిపి చూస్తే ఒకే పుస్తకాన్ని రెండుసార్లు లెక్కపెడతారు. రెండు, పాత నవలల్ని కొత్త అట్టతో, ఒక్కోసారి రెండేసి కలిపి మళ్లీ వేస్తుంటారు. అట్ట మెరుస్తుంటే కొత్తదనుకోకండి, కాపీరైటు ఏడాది చూడండి.

మూడోది ఉచ్చు కాదు, కాలం. ఈరోజు అంగట్లో ఉన్న పుస్తకాన్ని ఎడిటర్ ఒప్పుకుని ఏడాదో, ఇంకా పైనో అయి ఉంటుంది. ఈ నెల జాబితా నిజానికి పోయినేడాది అభిరుచి. దీనికి విరుగుడు, రాబోయే నెలలకి ప్రకటించిన పేర్లు కూడా పట్టికలో చేర్చడం. ఒక సూత్రం తగ్గుతోందా పెరుగుతోందా అన్నది ఆ వాలులో తెలుస్తుంది. అప్పుడప్పుడు ఎడిటర్లు 'ఫలానా లైన్‌కి ఇప్పుడు ఇలాంటివి కావాలి' అని ప్రత్యేకంగా పిలుపులిస్తారు. జాబితా కన్నా అవి తాజా.

నిడివీ లైనూ కాకుండా, పాత పుస్తకాలు నేర్పిన ఇంకో రెండు మూడు అలవాట్లు కూడా వదిలించుకోవాలి. ఒకప్పుడు కథంతా నాయిక కళ్లలోంచే నడిచేది, నాయకుడి మనసు చివరి పేజీదాకా మూసిన తలుపే. ఇప్పుడు ఇద్దరి వైపు నుంచీ మార్చి మార్చి చెబుతున్నారు. ఒకప్పటి నాయకుడు చెయ్యి పట్టి లాగితే ప్రేమ. ఇప్పుడు నాయిక ఇష్టం మాటల్లోనో చేతల్లోనో స్పష్టంగా ఉండాలి. మారనిది ఒక్కటే: సుఖాంతం. ఇది తప్పనిసరి, చర్చ లేదు. దేవదాసు ఎంత గొప్ప కథైనా ఈ లైన్లలో దేనికీ పనికిరాదు.

ఇక్కడికొచ్చేసరికి మా అమ్మాయి కాస్త చిన్నబుచ్చుకుంది. "ఇదంతా చూసి రాస్తే కాపీ కొట్టినట్టు కాదా?" అంది. న్యాయమైన అనుమానం. జాకెట్టు కుట్టడానికి కొలత తీసుకుంటాం, అది కాపీ కాదు. పూల డిజైను ఎత్తేస్తే కాపీ. పట్టిక మీకు కొలత చెబుతుంది, ఖాళీ కూడా చెబుతుంది. 48 వరుసల్లో ఒప్పందం పెళ్లి పదిసార్లు కనపడి, ఆ పదింట్లో ఒక్క నాయికకీ పెద్ద బాధ్యత గల ఉద్యోగం లేకపోతే, బ్యాంకులో మొండి బాకీల విభాగం చూసే అమ్మాయి రాయగల పదకొండో కథ ఏదో తెలియడం లేదూ?

ఉత్తరంలో ఇదంతా పనికొచ్చేది రెండే రెండు వాక్యాలకి. 'మీ ప్రెజెంట్స్ లైన్‌కి 50,000 మాటల నవల పంపుతున్నాను. ఈమధ్య వచ్చిన ఫలానా రెండు పుస్తకాలు ఇష్టపడ్డవాళ్లకి ఇది ఫలానా కారణంగా నచ్చుతుంది.' ఆ రెండు పేర్లు ఈ రెండేళ్లలోవే అయి ఉండాలి. దాంతోపాటు కథ మొత్తం, ముగింపుతో సహా చెప్పే ఒకటి రెండు పేజీల సంగ్రహం. 'ముగింపు చదివి తెలుసుకోండి' అని ఊరించకూడదు, అది వెనక అట్ట పని. ఒకేసారి రెండు లైన్లకి పంపకండి. జవాబుకి మూడు నెలలు పట్టడం మామూలే. పంపడానికి రుసుము లేదు. ఎవరైనా అడిగితే వాళ్లు ప్రచురణకర్తలు కాదు, అచ్చు వేసి డబ్బు తీసుకునేవాళ్లు. 2009 నవంబరులో హార్లెక్వినే రచయితల ఖర్చుతో అచ్చువేసే విభాగం ఒకటి ప్రకటిస్తే అమెరికా రచయితల సంఘాలు గట్టిగా ఎదురుతిరిగాయి, దానికి తన పేరు తీసేసి వేరే పేరు పెట్టుకోవలసి వచ్చింది.

తెలుగులోనే రాసేవాళ్లకీ పద్ధతి ఇదే. పత్రిక నవలల పోటీకి పంపుతుంటే ఆ పత్రిక గత పన్నెండు సంచికలు, నిరుడు నెగ్గిన నవల ముందేసుకోండి. ప్రతిలిపి యాప్‌లో పెడుతుంటే ఈ నెల ఎక్కువమంది చదివిన ప్రేమకథలు ఒక ఇరవై చూడండి. 'సెక్రటరీ' రోజుల యద్దనపూడి సులోచనారాణి మన గుండెల్లో ఉండవచ్చు, కానీ ఈరోజు కుర్చీలో కూర్చుని రాతప్రతులు చదివే మనిషి ఆవిడ కాదు. ఇది నాకు అనుభవంలో తెలిసింది. పాతికేళ్ల కిందట ఒక సంస్థకి నవల పంపితే ఒకే వాక్యం తిరిగొచ్చింది, 'మేము ప్రేమ నవలలు మానేసి మూడేళ్లయింది' అని. పోస్టు ఖర్చు కన్నా ఆ వాక్యమే ఎక్కువ రోజులు గుచ్చుకుంది.

మా అమ్మాయి నవలలో నాయిక తమ్ముడి ప్రేమకథ ఒకటి పక్కగా నడుస్తుంది. లెక్కపెడితే అదే 28,000 మాటలు వచ్చింది. దాన్ని బయటికి తీసి దాచింది. కలుసుకోవడాన్ని నలభై ఒకటో పేజీ నుంచి మూడో పేజీకి తెచ్చింది. ఇంకా ఏడెనిమిది వేలు తగ్గాలి. ఆమె ఇప్పుడు పట్టికలో ముప్పై ఒకటో వరుస నింపుతోంది.

మీరు కూడా పట్టిక పూర్తిచేశాక ఒక పని మరిచిపోకండి. ఈ కథనంలో చెప్పిన మాటల లెక్కలు, లైన్ల పేర్లు కూడా మారిపోవచ్చు. పంపే రోజు పొద్దున్న ప్రచురణకర్త నియమాల పేజీ మళ్లీ తెరిచి, మీ లైన్ ఇంకా ఉందో లేదో, కొత్తవాళ్లవి తీసుకుంటోందో లేదో చూసుకున్నాకే మీట నొక్కండి.